తాతగారి రంగూన్ కూజా, అడుగున ఆరు చైనా అక్షరాలు: వేలానికి పంపే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కాకినాడలో మీ ఇంట్లో తాతగారు రంగూన్ నుంచి తెచ్చిన పింగాణీ కూజా ఒకటుంది. అడుగున ఆరు చైనా అక్షరాలున్నాయి. ఫోన్‌లో యాప్‌తో ఫొటో తీస్తే చియాన్‌లాంగ్ చక్రవర్తి కాలం అని చూపించింది. ఆ ఫొటో ఎక్కడో పెట్టగానే ఒకాయన వాట్సాప్‌లో తగులుకుని, హాంకాంగ్ వేలంలో ఇది 3 కోట్లు పలుకుతుంది, కేటలాగ్‌కీ ఎగ్జిబిషన్‌కీ కలిపి 1,80,000 కట్టండి, మిగతాదంతా మేం చూసుకుంటాం అన్నాడు. కట్టాలా వద్దా అనేది మొదటి ప్రశ్న, ఇలాంటివి కొని దాచుకుంటే లాభం ఉంటుందా అనేది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నది. కట్టకండి. ఒక్క రూపాయి కూడా కట్టకండి.

పేరున్న వేలం సంస్థలు వస్తువు తీసుకోవడానికి ముందు ఇలా డబ్బు అడగవు. ఆన్‌లైన్‌లో ఫొటోలు పంపితే అంచనా ధర ఊరికే చెప్తారు, పనికిరాదనుకుంటే "మా వేలానికి సరిపోదు" అని మర్యాదగా రెండు ముక్కలు రాస్తారు. అమ్మేవాళ్ల దగ్గర తీసుకునే కమిషన్, ఇన్సూరెన్స్, ఫొటోల ఖర్చు మామూలుగా అమ్ముడయ్యాక వచ్చిన డబ్బులోంచే కోసుకుంటారు. మీకు తగిలిన బాపతు మనుషులు చైనాలో చాలాకాలంగా ఉన్నారు. ఏ విలువా లేని జాడీకి కోట్లలో ధర చెప్పి ఆశ పెడతారు, ఫీజు వసూలు చేస్తారు, ఒక్కోసారి నిజంగానే ఒక హాలు తీసుకుని వేలం లాంటిది జరిపి వీడియో కూడా పంపిస్తారు, చివరికి "ఈసారి పాట రాలేదు, వచ్చే సీజన్‌కి పెడదాం, ఇంకో 60,000 పంపండి" అంటారు. వాళ్ల సంపాదన వేలంలో లేదు, మీ ఫీజులోనే ఉంది.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. మన దేశంలో 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళాత్మక వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. అది చైనాలో తయారైందా చీరాలలో తయారైందా అని చట్టం అడగదు. కేంద్ర ప్రభుత్వం గానీ అది అధికారం ఇచ్చిన సంస్థ గానీ తప్ప వేరెవరూ దాన్ని దేశం బయటికి పంపకూడదు. పంపితే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. వందేళ్లు నిండని వస్తువైతే పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అని సర్టిఫికెట్ తెచ్చుకుని పంపుకోవచ్చు. ఇప్పుడు చూడండి తమాషా. మీ కూజా నిజంగా చియాన్‌లాంగ్ కాలానిదైతే, అంటే 1736 నుంచి 1795 మధ్యదైతే, అది మీ ఇంటి నుంచి హాంకాంగ్ వెళ్లడం కుదరదు. సర్టిఫికెట్ వచ్చి వెళ్లగలిగిందంటే అది చియాన్‌లాంగ్ కాదు, దానికి 3 కోట్లు రావు. ఆ వాట్సాప్ మనిషిని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. బ్లాక్ చేసి పారిపోతాడని నా నమ్మకం.

ఇక రెండో ప్రశ్న. ఇది పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి. నేను వ్యాపారిని కాను. ఉద్యోగం మీద హాంకాంగ్ వచ్చి 19 ఏళ్లయింది, బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని. మొదటి సంవత్సరం ఆఫీసు నుంచి తిరిగొస్తూ ఏసీ కోసం ఒక వేలం ప్రివ్యూలోకి, అంటే వేలానికి ముందు వస్తువులు చూపించే చోటికి, దూరాను, అంతే, పిచ్చి పట్టుకుంది. అప్పట్నుంచి ఏటా వసంతంలో, శరత్తులో జరిగే ప్రివ్యూలు వదలకుండా చూస్తున్నాను. నా దగ్గర ఉన్నవి మొత్తం పదకొండు ముక్కలు, అందులో రెండు నకిలీలు, ఒకటి తెలిసి కొన్నది.

ముందు ఆ ఆరు అక్షరాల సంగతి. "దా చింగ్ చియాన్‌లాంగ్ నియన్ జీ" అంటే మహా చింగ్ వంశంలో చియాన్‌లాంగ్ ఏలుబడిలో చేసినది అని. ఇది చూడగానే మనకి తేదీ దొరికినట్టు అనిపిస్తుంది. మనవాళ్లు స్టీలు గిన్నెల మీద పేరు చెక్కిస్తారు కదా, పెళ్లికి చదివించిన బిందె మీద పెద్దమ్మ పేరుంటుంది, కానీ ఆ బిందె ఇప్పుడు ఎవరింట్లో ఉందో, ఎన్ని చేతులు మారిందో పేరు చెప్పదు. ఇక్కడ అంతకంటే చిక్కు, ఎందుకంటే పాత చక్రవర్తి పేరు కొత్త గిన్నె కింద రాయడం చైనాలో మోసం కానక్కర్లేదు. చింగ్ చక్రవర్తి కాంగ్‌షీ (1662–1722) కాలపు కుమ్మరులు అంతకుముందటి మింగ్ వంశపు చక్రవర్తి చెంగ్‌హువా (1465–1487) ముద్ర వేశారు, పాతకాలపు పనితనం మీద గౌరవంతో. 1677లో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊరి అధికారి ఒకడు పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయొద్దని నిషేధం పెట్టాడు, పగిలి చెత్తలో పడితే రాజుకి అవమానమని. అందుకే ఆ కాలపు గిన్నెల్లో చాలావాటి అడుగున రెండు నీలం గీతల వలయాలుంటాయి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ వలయాలంటే నాకు చాలా ఇష్టం, పేరు లేకపోవడమే కాలం చెప్తుంది. తర్వాత 19వ శతాబ్దం చివర గ్వాంగ్‌షు (1875–1908) కాలంలో కాంగ్‌షీ ముద్రలు గుట్టలుగా వేశారు. ఆ తర్వాతి కాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. జింగ్‌దెజెన్ పక్కన ఫాన్‌జియాజింగ్ అనే ఊరంతా పాత నమూనాలు చేయడానికే పేరు పడింది.

కాబట్టి యాప్ చదివింది అక్షరాలను, కూజాను కాదు.

వేలం కేటలాగుల్లో అందుకే ఒక మాట వాడతారు, దీన్ని గుర్తు పెట్టుకుంటే సగం చదువు అయినట్టే: "మార్క్ అండ్ పీరియడ్". ముద్ర ఫలానా చక్రవర్తిది, వస్తువు కూడా ఆ కాలానిదే అని. "చియాన్‌లాంగ్ మార్క్" అని మాత్రమే రాసి ఊరుకుంటే ముద్ర ఉందని ఒప్పుకున్నారు, కాలం గురించి నోరు మూసుకున్నారు అని అర్థం. "చియాన్‌లాంగ్ శైలి" అంటే ఇంకా కిందికి. ఒకే బొమ్మ, ఒకే సైజు, ఒకే ఆరు అక్షరాలున్న రెండు పళ్లేల మధ్య ధర వందరెట్లు తేడా ఉండటం ఈ ఒక్క మాట వల్లే.

అసలు రాజుగారి పింగాణీ అంటే ఏమిటి, దానికి ఎందుకంత ధర అన్నది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చైనాలో జియాంగ్‌షీ రాష్ట్రంలో జింగ్‌దెజెన్ అనే ఊరు. దాని పక్కన గావ్‌లింగ్ కొండ, మనం కెయోలిన్ అనే తెల్లమట్టికి ఆ కొండ పేరే వచ్చింది. ఆ మట్టినీ, దంచిన పింగాణీ రాయినీ కలిపి 1,300 డిగ్రీల దగ్గర కాల్చితే గాజులా బిగుసుకుని, వెలుగుకి పట్టి చూస్తే వేళ్ల నీడ కనిపించే పింగాణీ వస్తుంది. అదే ఊళ్లో జనానికి చేసే బట్టీలూ ఉన్నాయి, రాజుకి చేసే బట్టీలూ ఉన్నాయి. 1712లో అక్కడున్న ఫ్రెంచి పాదిరి దెంత్రెకోల్ రాసిన ఉత్తరంలో ఒక్క గిన్నె తయారయ్యే లోపు 70 మంది చేతులు మారుతుందని ఉంది. ఒకడు గీత మాత్రమే గీస్తాడు, ఇంకొకడు రంగు నింపుతాడు, ముద్ర రాసేవాడు ముద్రే రాస్తాడు. ఇది మనకి పనికొచ్చే విషయం. రాజు బట్టీలో ముద్రలు రాసిన చేతులు కొద్దివే, అందుకే అసలు ముద్రల్లో అక్షరాల నడక ఒకేలా ఉంటుంది, వందలు చూస్తే కన్ను పట్టేస్తుంది.

మింగ్ కాలంలో రాజు కోసం కాల్చినవాటిలో చిన్న వంకర వచ్చినా పగలగొట్టి అక్కడే పాతిపెట్టేవాళ్లు, బయట ఎవరి చేతా పడకూడదని. జింగ్‌దెజెన్‌లో జూషాన్ అనే చోట ఆ పెంకుల గుట్టలు తవ్వితీసి, ఒక్కో గిన్నెనీ ముక్క ముక్కగా అతికించి నిలబెట్టారు. చింగ్ కాలంలో రాజు బట్టీలు చూసుకోవడానికి 1728లో తాంగ్ యింగ్ అనే ఆయన వచ్చాడు. వచ్చినప్పుడు ఆయనకి పింగాణీ గురించి ఏమీ తెలియదు. మూడేళ్లు పనివాళ్లతోనే తిని, వాళ్లతోనే పడుకుని నేర్చుకున్నానని తనే రాసుకున్నాడు. యోంగ్‌జెంగ్ (1723–1735), చియాన్‌లాంగ్ పింగాణీలో ఇవాళ కోట్లు పలికేవాటిలో ఎక్కువ భాగం ఆయన కనుసన్నల్లో కాలినవే. వాటిలో కొన్నిటిని తెల్లగా కాల్చి బీజింగ్ రాజమహలుకి పంపితే అక్కడి చిత్రకారులు ఎనామెల్ రంగులు వేసేవాళ్లు. ఫాలాంగ్‌చాయ్ అంటారు, అన్నిటికన్నా అరుదు అదే.

గిన్నె రంగుని బట్టి అంతఃపురంలో హోదా తెలిసేది. లోపలా బయటా పసుపు అయితే పట్టపురాణిది, బయట పసుపు లోపల తెలుపు అయితే ఆమె తర్వాతి రాణిది, పసుపు మీద పచ్చ డ్రాగన్ అయితే ఇంకో మెట్టు కింది రాణులది. మన ఇళ్లలో పెద్దల వెండి కంచం వేరు, పిల్లల స్టీలు కంచం వేరు అన్నట్టే గానీ, అక్కడ దీనికి లిఖితపూర్వక నియమాలుండేవి.

సరే, వేలాలు. 2014 ఏప్రిల్‌లో హాంకాంగ్‌లో సాదబీస్ అనే పెద్ద వేలం సంస్థలో చెంగ్‌హువా కాలపు "కోడి కప్పు" 28.12 కోట్ల హాంకాంగ్ డాలర్లకి పోయింది. మన అరచేతిలో పట్టే కప్పు, వెడల్పు 8 సెంటీమీటర్ల పైచిలుకు, మీద పుంజు, పెట్ట, పిల్లలు. పాడుకున్నాయన షాంఘైకి చెందిన లియు యిచియాన్. ఆ డబ్బుని క్రెడిట్ కార్డు 24 సార్లు గీకి కట్టాడు, తర్వాత అందులో టీ పోసుకుని తాగాడు, ఆ ఫొటో చూసి చైనా అంతా తిట్టింది. నాకైతే తప్పనిపించలేదు. కప్పు చేసిందే తాగడానికి కదా. 2017 అక్టోబరులో మింగ్ కంటే ముందటి సాంగ్ వంశకాలపు, రూ అనే రకం పింగాణీ పాత్ర, కుంచెలు కడుక్కునే చిన్న గిన్నె, 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లకి వెళ్లి ఆ రికార్డు దాటింది.

ఇవి వినగానే అందరూ "అమ్మో ఏం పెట్టుబడి" అంటారు. ఇక్కడే నిలబెట్టి లెక్క వేయాలి. ఆ కోడి కప్పు 1999లో 2.9 కోట్ల హాంకాంగ్ డాలర్లకి అమ్ముడైంది, 15 ఏళ్లలో సుమారు పదింతలు. బాగుంది. ఇంకొకటి చూద్దాం. చియాన్‌లాంగ్ కాలపు ఫాలాంగ్‌చాయ్ గిన్నె, పిచ్చుకల్లాంటి రెండు వాన కోయిలలు, విల్లో కొమ్మలు, 11 సెంటీమీటర్లు. 1985లో 11 లక్షల హాంకాంగ్ డాలర్లు. 2006లో 15.13 కోట్లు, అంటే 21 ఏళ్లలో 137 రెట్లు. ఆ కథ ఇక్కడికి ఆపేస్తే ఎవరైనా అప్పుచేసి కొంటారు. కానీ అదే గిన్నె 2023 ఏప్రిల్‌లో మళ్లీ వేలానికొచ్చి 19.82 కోట్లకి పోయింది. 2006 నుంచి లెక్కేస్తే ఏడాదికి రెండు శాతం కూడా రాలేదు. అదీ కొన్నవాళ్లు కట్టిన మొత్తం. వేలం సంస్థ వాటా తీసేస్తే అమ్మినవాళ్ల చేతికి ఇంకా తక్కువ వస్తుంది. మన ఊళ్లో బ్యాంకు ఎఫ్‌డీ నయం. ప్రపంచంలోనే గొప్ప గిన్నెల్లో ఒకటి, అనుమానానికి తావులేని చరిత్ర ఉన్నది, దాని పరిస్థితి అది. మధ్యలో ఏమైందంటే, 2000 తర్వాత చైనాలో కొత్తగా డబ్బొచ్చినవాళ్లు తమ దేశపు వస్తువులు తిరిగి కొనుక్కోవడానికి ఎగబడ్డారు, ఆ కెరటం మీద ఉన్నవాళ్లకి లాభం వచ్చింది. కెరటం పోయాక కొన్నవాళ్లు ఒడ్డున నిలబడ్డారు.

మన బోటివాళ్లకి లెక్క ఇంకా ఘోరం. సుత్తి దెబ్బ పడిన ధర, అంటే పాట ఆగిన ధర, 1,00,000 అనుకోండి. దాని మీద కొనేవాళ్లు వేలం సంస్థకి కట్టాల్సిన ప్రీమియం పెద్ద సంస్థల్లో నాలుగో వంతు పైమాటే. అంటే మీరు 1,26,000 అటూఇటూ కడతారు, రవాణా, ఇన్సూరెన్స్ వేరే. మళ్లీ అమ్మేటప్పుడు కమిషన్, ఇతర ఖర్చులు పోను సుత్తి ధరలో 88 శాతం చేతికొస్తే అదృష్టం. కాబట్టి పెట్టిన డబ్బు పెట్టినట్టు రావాలంటేనే 1,00,000 వస్తువు 1,43,000కి పాడాలి. ఇది లాభం లేకుండా. పదేళ్లు ఉంచుకుంటే తప్ప ఆ గొయ్యి పూడదు.

పాట సంగతి కూడా చెప్పాలి. బాలాపూర్ లడ్డూ వేలం చూసినవాళ్లకి ఆ ఊపు ఎలా ఉంటుందో తెలుసు, చివరికి ఇద్దరే మిగిలాక లడ్డూ కనపడదు, ఎదుటివాడే కనపడతాడు. 2010 నవంబరులో లండన్ శివారులో ఒక చిన్న వేలం సంస్థకి ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిన చియాన్‌లాంగ్ జాడీ వచ్చింది. అంచనా 8 లక్షల నుంచి 12 లక్షల పౌండ్లు. పాట పెరిగి పెరిగి 4.3 కోట్ల పౌండ్ల దగ్గర సుత్తి పడింది. ప్రపంచమంతా వార్త. పాడుకున్నాయన డబ్బు కట్టలేదు. రెండేళ్ల పైన లాగి, చివరికి 2013లో ఇంకొకరికి ప్రైవేటుగా అందులో సగం దగ్గర ధరకి అమ్మారని వార్తలొచ్చాయి. అందుకే ఇప్పుడు పెద్ద వస్తువుల మీద పాట పాడాలంటే ముందు డిపాజిట్ కట్టమంటారు. పేపర్లో చదివే ధర పాడిన ధర, కట్టిన ధర కాకపోవచ్చు.

అటకల మీద దొరికే కథలు నిజమే, అబద్ధమని అనను. 2018లో ఫ్రాన్సులో ఒకరింట్లో అటక మీద చెప్పుల డబ్బాలో ఉన్న చియాన్‌లాంగ్ జాడీ పారిస్‌లో 1.62 కోట్ల యూరోలకి పోయింది. అమెరికాలో ఎవరో పాత సామాన్ల అమ్మకంలో 3 డాలర్లకి కొన్న గిన్నె వెయ్యేళ్ల నాటిదని తేలి 2013లో 22 లక్షల డాలర్లు పలికింది. కానీ నాకు వీటికన్నా ఆసక్తి 2022 అక్టోబరులో ఫ్రాన్సులోనే ఫాంటేన్‌బ్లోలో జరిగింది. నీలం డ్రాగన్లున్న గుండ్రటి పొట్ట జాడీ. సంస్థ నిపుణుడు ఇది 20వ శతాబ్దపు మామూలు సరుకు అని 1,500 నుంచి 2,000 యూరోలు రాశాడు. ప్రివ్యూకి జనం టార్చిలైట్లు, భూతద్దాలు పట్టుకుని వరస కట్టారు. పాట 77 లక్షల యూరోలకి వెళ్లింది, ఫీజులతో 91 లక్షలు. నిపుణుడు తన మాట మార్చుకోలేదు, సంస్థ ఆయన్ని వదులుకుంది. ఎవరిది రైటు? అన్ని కళ్లూ మోసపోవని కొందరంటారు. అన్ని కళ్లూ ఒకదాన్నొకటి చూసుకునే మోసపోతాయని ఇంకొందరంటారు. నేను ఆ జాడీని ముట్టుకోలేదు, కాబట్టి నేను మాట్లాడను.

ముట్టుకోవడం. ఇదే అసలు విషయం, ఇది తెలుసుకోవడానికి నాకు డబ్బు ఖర్చయింది. మొదట్లో ఒక చిన్న వేలంలో, పేరు అనవసరం, కాంగ్‌షీ ముద్ర ఉన్న నీలం డ్రాగన్ పళ్లెం వచ్చింది. ఆ వారం ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్, ప్రివ్యూకి వెళ్లలేదు, ఫొటోలు చూసే ఆన్‌లైన్‌లో పాడాను. 38,000 హాంకాంగ్ డాలర్లు, పైన ప్రీమియం. ఇంట్లో చెప్పలేదు. కేటలాగులో "కాంగ్‌షీ మార్క్" అని మాత్రమే ఉందని, పీరియడ్ అనే మాట లేదని తర్వాత నెలకి చూసుకున్నాను. గర్వంగా హాంకాంగ్‌లో పాత వస్తువుల దుకాణాలుండే హాలీవుడ్ రోడ్‌లో ఒక ముసలి దుకాణదారుకి చూపించాను. ఆయన డ్రాగన్ వైపు చూడనేలేదు. బోర్లా తిప్పి, అడుగు వలయం, అంటే పళ్లెం నిలబడే అంచు, దాని మీద బొటనవేలు ఒక చుట్టు తిప్పి, నా చేతికిచ్చేసి టీ తాగుతారా అన్నాడు. అంతే. కాంగ్‌షీ నాటి మంచి పళ్లేనికి ఆ వలయం నున్నగా, బురదచేప వీపులా గుండ్రంగా ఉంటుందట. నాదాని అంచు కోసినట్టుగా గరుకుగా ఉంది. తర్వాత ఆయన తన అల్మరాలోంచి అసలుది తీసి నా చేతిలో పెట్టాడు. బరువు వేరు. ఫొటోలో బరువు రాదు.

మన అమ్మమ్మలు సంతలో కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లు కదా, అదే శాస్త్రం. పగులుంటే డొల్ల చప్పుడొస్తుంది. అలాగే నీలం రంగు. 15వ శతాబ్దం మొదట్లో వాడిన కోబాల్టు బయటి దేశం నుంచి వచ్చింది, ఇనుము ఎక్కువ, అందుకే గీతల్లో అక్కడక్కడ నల్లటి చుక్కలు ముద్ద కట్టి, గ్లేజులోకి, అంటే పైనున్న గాజు పూతలోకి, దిగిపోయినట్టు ఉంటాయి. 18వ శతాబ్దంలో ఆ అందాన్ని అనుకరించాలని కుంచెతో కావాలని చుక్కలు పెట్టారు. భూతద్దంలో చూస్తే ఒకటి మొక్క మొలిచినట్టు, ఇంకొకటి బొట్టు పెట్టినట్టు తెలుస్తుంది. అడుగున అరుగుదల చూడాలి. రెండు వందల ఏళ్లు అల్మరాల్లోంచి తీసి పెట్టిన గిన్నెకి గీతలు అన్ని దిక్కులా, ఒక్కోటి ఒక్కో లోతులో ఉంటాయి. గరుకు కాయితంతో రుద్దినదానికి ఒకే దిక్కు. యూవీ లైటు వేస్తే అతికించి రంగు వేసిన చోట వేరేలా మెరుస్తుంది. ఇక బట్టీలో కాల్చి ఎంతకాలమైందో చెప్పే లాబ్ పరీక్ష ఒకటుంది, కాకపోతే దానికి అడుగున డ్రిల్ చేసి ముక్క తీయాలి. పాత అడుగుకి కొత్త పైభాగం అతికించే మొనగాళ్లు ఉన్నచోట ఆ ఒక్క రిపోర్టు పట్టుకుని మురిసిపోకూడదు.

వీటన్నిటికంటే పైన ఉండేది వస్తువు నడిచివచ్చిన దారి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారు, పాత బిల్లు ఉందా, 1930లలో ఏ ఎగ్జిబిషన్‌లో పెట్టారు, అడుగున ఏ దుకాణం చీటీ అంటించి ఉంది. మంచి నకిలీ చేయడం కష్టం, 80 ఏళ్ల పాత కాయితాలన్నీ సరిపోయేలా చేయడం ఇంకా కష్టం. బ్రిటిష్ మ్యూజియంలో సర్ పెర్సివల్ డేవిడ్ సేకరణ ఉంది, దాదాపు 1,700 ముక్కలు. ఆయన 1892లో మన బొంబాయిలోనే పుట్టాడు. 2024లో ఆ సేకరణ మొత్తాన్ని ఆయన పేరు మీదున్న ఫౌండేషన్ మ్యూజియానికి ఇచ్చేసింది, విలువ సుమారు వంద కోట్ల పౌండ్లు. "డేవిడ్ దగ్గర ఉండేది" అన్న ఒక్క మాటకే గిన్నె ధర మారిపోతుంది.

కొనాలని ఇంకా ఉంటే, మొదటి ఏడాది కొనకండి. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ గదిలో ఒక పూట కూర్చోండి. అక్కడి ఆకుపచ్చ సెలడాన్ పళ్లేలు చూడండి, విషం కలిపిన తిండి పెడితే రంగు మారుతుందనో పగిలిపోతుందనో నమ్మి నవాబులు వాటిలో తినేవాళ్లు. అక్కడ ముట్టుకోనివ్వరు, కాబట్టి హాంకాంగో సింగపూరో లండనో వెళ్లే పని పడితే ప్రివ్యూ రోజులు చూసుకుని వెళ్లండి. టికెట్టు లేదు, కోట్ల రూపాయల గిన్నె అయినా మర్యాదగా అడిగితే అద్దాల పెట్టె తెరిచి ఇస్తారు. ఉంగరాలు, వాచీ తీసేయండి. బల్ల మీదే, రెండు చేతులతో ఎత్తండి. చూడటం అయ్యాక పక్కవాళ్ల చేతికి ఇవ్వకండి, బల్ల మీద పెట్టండి, వాళ్లు బల్ల మీంచి తీసుకుంటారు. చేతి నుంచి చేతికి మారేటప్పుడు పగిలితే తప్పు ఎవరిదో తేల్చలేరు. ఆ తర్వాత కొన్నా చిన్నవే కొనండి, గ్వాంగ్‌షు మార్క్ అండ్ పీరియడ్ పళ్లేలు కొన్ని వేల డాలర్లలో దొరుకుతాయి. అవీ రాజు బట్టీలో కాలినవే. పేరున్న సంస్థలు కేటలాగు శీర్షికలో చెప్పినదానికి సాధారణంగా ఐదేళ్ల హామీ ఇస్తాయి, షరతులు పూర్తిగా చదవండి. ఒకటి మాత్రం ఖాయం చేసుకోండి, కొన్నది ఇండియాకి తెచ్చారంటే, వందేళ్లు దాటినదైతే మళ్లీ బయటికి తీసుకెళ్లలేరు.

చివరగా మీ కూజా. మీరు పెట్టిన ఒక్క ఫొటోలో రంగులు కాస్త పచ్చిగా, గులాబీ ఎక్కువగా ఉన్నట్టు నాకు అనిపించింది, అలాంటివి 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో రంగూన్ చైనా బజారులో దొరికి ఉంటాయి. నా అంచనా అది చియాన్‌లాంగ్ కాదు. ఫొటో చూసి చెప్పే అంచనాకి ఎంత విలువో పైన నా పళ్లెం కథలోనే చెప్పాను. మీ తాతగారు యుద్ధం వచ్చి 1942లో రంగూన్ వదిలి కాలినడకన వచ్చినవాళ్లలో ఒకరైతే ఇంత కూజా మోసుకొచ్చి ఉండరు, అంటే అంతకుముందే స్టీమరులో వచ్చి ఉండాలి. అమ్మమ్మగారో పెద్దనాన్నగారో ఉంటే ఏ సంవత్సరమో, ఏ వీధిలో కొన్నారో అడిగి రాసిపెట్టండి, పాత ట్రంకు పెట్టెలో బిల్లో ఫొటోనో ఉందేమో వెతకండి.

ఈలోగా దాన్ని మెడ పట్టుకుని ఎత్తకండి, చింతపండు పెట్టి తోమకండి, లైటు స్టాండు చేయించడానికి అడుగున కన్నం అసలే పెట్టించకండి. మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టి పగటి వెలుతురులో నాలుగు ఫొటోలు తీసి పంపండి: అడుగు వలయం దగ్గరగా, అక్షరాలు నేరుగా, మూతి లోపలి వైపు, పొట్ట దగ్గర అతుకు గీత ఏమైనా ఉంటే అది. పువ్వులున్న వైపు ఇప్పుడే వద్దు.